దేవర మూలలో కుర్చీ

“అవ్వా, అమ్మ కాలేజీ సీటు కోసం ఇంటికి ఆఫీసరు వచ్చినాడంట కదా. ఆ ముచ్చట చెప్పు.”

ఎవురే చెప్పింది నీకు, మీ అమ్మేనా? ఆమె చెప్పిందంటే సగం మింగి చెప్పుంటుంది. నేను చెప్తా, ఉండు. ఆ ఫోను కొంచెం పక్కకు పెట్టు, అది నా మొగం కల్లే చూస్తా ఉంటే నాకు మాట రాదు. ఆఁ, అట్ల.

అప్పుడు మనము పళ్లిపట్టికి పైన, కొండలో ఉండినాము. మీ అమ్మ కింద హాస్టల్లో ఉండి పన్నెండు చదివింది. పాసైంది కూడా. మన కొండలో పన్నెండు దాటిన ఆడపిల్ల ఆమే మొదలు. ఎనభై రెండో, మూడో... మీ చిన్నమామ అప్పుడు తప్పటడుగులేస్తా ఉండె, అంటే మూడే. సామలు చల్లే కాలము, అది మాత్రం బాగా గుర్తు. ఆ బడి పెద్ద టీచరమ్మ ఒక రోజు మా కొండెక్కి వచ్చింది పాపా, చెప్పులు చేత్తో పట్టుకొని. వచ్చి, “కోయంబత్తూరులో సేద్యం చదువు చెప్పే కాలేజీ ఉంది, అందులో కొండజాతి పిల్లలకని కొన్ని సీట్లు పక్కన పెట్టినారు, హాస్టలు కూడా వాళ్లే ఇస్తారు” అని, ఫారం ఆమే నింపి, ఆమే పోస్టులో వేసింది. మంచి తల్లి. ఇప్పుడు ఎక్కడుందో.

అప్పురం కొన్నాళ్లకు కాలేజీ నుంచి కార్డు వచ్చింది, ఫలానా రోజు ఇంటర్వ్యూకి రమ్మని. అయితే మనది కొండజాతి అని తాసిల్దారు సర్టిఫికెట్టు తేవాల. అది లేకపోతే సీటూ లేదు, హాస్టలూ లేదు. మేము పోయి అడిగితే ఆఫీసులో ఏమన్నారంటే, “మీరు తెలుగు మాట్లాడుతున్నారు, చొక్కా వేసుకున్నారు, కొండజాతి అని ఎట్ల నమ్మేది? ఆఫీసరు ఇంటికొచ్చి చూస్తాడు, మీ ఆచారాలు రాసుకుంటాడు, ఆయన సరే అంటేనే” అన్నారు.

ఇంక చూడు మీ తాతను! ఆ రోజు నుంచి మనిషి నిలవలా. “నేను నెత్తిన నెమలీక పెట్టుకొని తప్పెట కొడతా. నువ్వు ఆడు” అంటాడు.

“మనకు తప్పెట ఎక్కడిది? నేను ఎప్పుడాడినాను?” అన్నాను.

“అరువు తెస్తానే.”

“అరువు తెచ్చిన కులముతో నా బిడ్డ చదవొద్దు. ఉండేది చూపిస్తాము, లేనిది లేదంటాము” అన్నాను. నాకు అబద్ధమంటే చిన్నప్పట్నుంచి భయం పాపా. సీటు దొరికినాక ఎవురో వచ్చి ‘ఆ రోజు నువ్వు చెప్పింది దొంగ మాట’ అంటే నా బిడ్డ అక్కడ, అంత దూరాన, ఒక్కతే తల వంచుకోవాల కదా.

అట్ల అన్నదాన్నే నేను, పోయి కుర్చీలు అరువు తెచ్చినాను. నవ్వు, నవ్వు. ఆఫీసరంటే ఎంత పెద్దోడు! మన ఇంటి గలీజు చూసి ‘వీళ్ల బిడ్డకు కాలేజీ ఎందుకు’ అనుకుంటాడేమోనని నా బాధ. రెండు రోజులు గోడలకు సున్నం కొట్టినాను. పళ్లిపట్టి అంగట్లో బతిమాలి లక్ష్మీదేవి క్యాలెండరు తెచ్చి తగిలించినాను. కాఫీపొడి, చక్కెర, స్టీలు గ్లాసులు. గడ్డలు తవ్వే కోలలు, తేనె తీసేటప్పుడు కొండకు వేలాడే తీగతాడు, వల, అన్నీ కట్టెల కొట్టంలో పడేసి తాళమేసినాను. మా అత్తను కూడా... దాపరికమెందుకు, ఆమెను మా ఆడబిడ్డ ఇంటికి పంపించేసినాను. ఆమె నోట్లో పొగాకు, నోటెమ్మడి తిట్లు. పెద్దమనిషి ముందర ఎట్ల?

ఆయన వచ్చినాడు. బక్క మనిషి, కొండెక్కి చొక్కా అంతా తడిసిపోయింది. తంజావూరు పక్క నుంచి కొత్తగా మారి వచ్చినాడంట, తెలుగు ఒక్క ముక్క రాదు, అంతా తమిళమే. మాకు తమిళం వచ్చు, మా అత్తకే రాదు. లోపలికొచ్చి, మంచి కుర్చీలో కూర్చొని, చుట్టూ చూసినాడు. సున్నం, క్యాలెండరు, స్టీలు గ్లాసు. మొగం ముడుచుకొనింది.

“ఏమ్మా, ఇది బజారులో అంగడాయన ఇల్లు మాదిరి ఉంది. కొండజాతి ఎక్కడ?” అన్నాడు.

ఆయన కాగితం తీసి అడగతా పోయినాడు. దేవరకు ఏమి పెడతారు అంటే మీ తాత ముందుకొచ్చి, “కోడి, మేక, అడవిపంది, ఎలుగుబంటి” అన్నాడు.

“ఎలుగుబంటి లేదు సార్” అన్నాను నేను.

మీ తాత నన్ను చూసిన చూపు! తేనె తీస్తారా అంటే తీస్తామన్నాము. “తాడు చూపించండి” అన్నాడు. తాడు కొట్టంలో, కొట్టానికి తాళం, తాళంచెవి మా అత్త నడుముకు. ఆమెను పంపే తొందరలో నేను అడగడం మరిచినాను. మీ తాత పోయి తాళాన్ని రాయితో కొట్టినాడు, ఆ తాళం మాత్రం భలే గట్టిది.

ఆయన కాగితాలు మడిచేసినాడు. “నా కంటికి కనపడనిదాన్ని నేనెట్ల రాసేది? మళ్లీ ఎప్పుడైనా వస్తా” అన్నాడు. ఇంటర్వ్యూకి ఉండేది ఎనిమిది రోజులు. మీ అమ్మ ద్వారబంధం పట్టుకొని నిలబడింది. నన్ను చూస్తా ఉంది. నేనే కదా అంతా కడిగి పెట్టింది.

అప్పుడు వచ్చింది మా అత్త. బుట్ట నిండా అడవి గడ్డలు, చేతిలో మట్టి అంటిన కోల. దోవలో ఎవురో “మీ ఇంట్లో కుర్చీలేసినారు, ఎవురన్నా పోయినారా?” అని అడిగినారంట, పరిగెత్తి వచ్చింది ముసలిది. వాకిట్లోనే నిలబడిపోయింది. బుట్ట కింద పడేసింది.

“లెయ్ రా గాడిద కొడకా! యాడ కూర్చున్నావో చూసినావా!”

ఎందుకంటే, ఆ కుర్చీ నేను వేసింది మన దేవర మూలలో. నేలంతా ఎగుడు దిగుడు కదా, ఆ మూల ఒకటే చదునుగా ఉండె. ఏడాది విత్తనం అంతా కుండలో పోసి అక్కడ పెట్టేది మన వాడిక, చల్లే వరకు ఎవురూ తొక్కకూడదు. నేను సున్నం కొట్టేటప్పుడు ఆ కుండ అటక మీద పెట్టినాను, తిరిగి దించలేదు. నా ఇంట్లో నేనే మరిచినాను చూడు, అంత భయం.

ఆయన బెదిరిపోయి, “పాటి ఏమంటోంది?” అన్నాడు, పాటి అంటే అవ్వ. మీ అమ్మ, “కొంచెం దయచేసి లేవమంటోంది సార్” అంది.

“అంత పొడుగు మాటకు ఇంత చిన్న అర్థమా?” అన్నాడు. అయినా లేచినాడు.

లేస్తే సరిపోదు పాపా. విత్తనాల కాలంలో ఆ మూల తొక్కినోన్ని ఇంట్లో పెద్ద ఆడమనిషి నేల మీద కూర్చోబెట్టి, ఎవురు నువ్వని అడగాల, తన చేత్తో గంజి తాపాల. అప్పుడు వాడు బయటోడు కాదు, తప్పు పోయినట్లే. అడక్కుండా పంపితే విత్తనం మొలవదు. మేము సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు అని కొట్టుకునేది వింటా ఉన్నా మా అత్తకు అది పట్టలా, ఆమెకు సామలు మొలవాల, అంతే. ఆయన భుజం పట్టి కూర్చోబెట్టేసింది. కూర్చున్నాడు పాపం, ఆమె తాపిన గంజి తాగతా!

“మీ అమ్మది ఏ ఊరు?” అని మా అత్త అడిగితే మీ అమ్మ తమిళంలోకి మార్చింది. చెప్పినాడు. “మీ దేవర ఎవురు?” చెప్పినాడు. “ఆ దేవర కాడికి పోయి ఎన్నాళ్లాయె?”

ఆయన తల గీక్కున్నాడు. “పదేండ్లు అయి ఉంటుంది” అన్నాడు, మీ అమ్మ అదే తెలుగులో చెప్పింది.

“పదేండ్లా! మరి వీనికి ఎవుడిచ్చినాడే సర్టిఫికెట్టు?”

అది మాత్రం మీ అమ్మ తమిళంలో చెప్పలా. చెప్పాల్సిన పని లేకపోయె, ‘సర్టిఫికెట్టు’ ఏ భాషలోనైనా సర్టిఫికెట్టే కదా. ఆయన మొదట కళ్లు పెద్దవి చేసినాడు. అప్పురం నవ్వినాడు చూడు, గంజి ముక్కులోకి పోయి దగ్గినాడు. మా అత్త వీపు మీద నాలుగు చరుపులు చరిచింది. తాళం తీయించి అన్నీ చూసినాడు, తాడు చేత్తో పట్టి లాగి చూసినాడు, నేల మీదే కూర్చొని మూడు కాగితాలు రాసినాడు. పోయేటప్పుడు రెండు గడ్డలు కూడా సంచిలో వేసుకున్నాడు, ఎట్ల ఉడకబెట్టాలని నన్నడిగి.

సర్టిఫికెట్టు చేతికొచ్చేటప్పటికి ఇంక రెండు రోజులే ఉండె. బొమ్మిడిలో రైలెక్కినాము, నేనూ మీ అమ్మా. ఆ కాగితం నా రవికలో పెట్టుకొని, నిద్ర పోకుండా, గుండె మీద చెయ్యి వేసుకొని పోయినాను.

కోయంబత్తూరులో ఒక పెద్ద గది. మేజా వెనక ముగ్గురు. నడిమి ఆయన సర్టిఫికెట్టు తీసుకున్నాడు, ముద్ర ఉందా అని చూసినాడు, కింద పెట్టేసినాడు. అంతే! అంత గొడవ పడి తెచ్చిందాన్ని రెండో చూపు కూడా చూడలా. నాకు కోపమొచ్చింది, ‘చదవండి సార్, బాగా రాసినాడు’ అందామనుకున్నాను.

ఆయన మీ అమ్మను చూసి, “నువ్వెందుకమ్మా ఈ చదువుకు వచ్చినావు?” అన్నాడు.

నేను ఆమె చెయ్యి నొక్కినాను, ఏం చెప్పాలో రైల్లో నేర్పించినాను కదా. ఆమె నా కల్లే చూడలా. నేను నేర్పింది ఒక్క మాటా చెప్పలా. “మా కొండలో ఒక గుంటలో సామలు మొలుస్తాయి, పక్క గుంటలో మాడిపోతాయి. ఎందుకో మా అవ్వకు తెలుసు, కానీ విడమరిచి చెప్పడం ఆమెకు రాదు. నేను తెలుసుకొని చెప్పాల సార్” అంది. మెల్లగా చెయ్యి కూడా విడిపించుకొనింది.

సీటు ఇచ్చినారు. నేనొక్కదాన్నే తిరిగి వచ్చినాను. ఇంక ఈ బిడ్డను కార్డు ముక్కల మీదే పెంచాల అనుకున్నాను రైల్లో. నాలుగేండ్లు అట్లే పెంచినాను. టీచరమ్మతో రాయిస్తా ఉండినాను, తింటివా, తలకు నూనె పెట్టుకున్నావా, ఎవురితోనైనా అబద్ధమాడినావా... ఒక్కోసారి జవాబు వచ్చేది, ఒక్కోసారి...

సరేలే. పొద్దెక్కింది, నీ బస్సు పోతుంది. నువ్వు చదివే చోట నీకు కడుపు నిండా కూడు దొరకాల, నువ్వెవురని అడిగిన చోట నీ నోరు ఎండకుండా ఉండాల. పోయి రా, మా తల్లీ. చేరినాక ఒక ఫోను చెయ్యి. రెండు చేసినా తప్పులేదు.