గుండె కుడిపక్కన

పాత దుప్పటితో కుట్టిన నిలువెత్తు మనిషి బొమ్మ కుట్టుమిషను పక్కన పొట్ట తెరుచుకుని పడుకుంది. రేపు కోడలు బడిలో దాంతోనే పాఠం చెప్పాలి. కోడలు వంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి అత్తగారు కత్తెర పట్టుకుని లేచారు.

"ఏమ్మా, పేగులు చాల్లేదా? ఇంకా గుడ్డ ఉంది."

"పేగులు బ్రహ్మాండం అత్తయ్యా! గుండే కుడిపక్కకొచ్చింది. కాలేయం ఎడమపక్కకి పోయింది."

"నీ పుస్తకం చూసే గుర్తులు పెట్టానే!"

"గుడ్డకి ఏ వైపు పెట్టారు?"

"ఎప్పట్లాగే, లోపలివైపు. కుట్టాక తిరగేస్తే కుడి కాస్తా ఎడమైపోతుంది కదూ... అయ్యో, నా మతి మండా! చొక్కా అనుకుని కుట్టేశాను. ఇలా తే, విప్పేస్తాను."

"వద్దొద్దు, ఉండనివ్వండి."

"పిల్లలు నవ్విపోరూ? ప్లాస్టిక్ బొమ్మ కొనలేకే కదా నన్ను నమ్ముకున్నావు!"

"ప్లాస్టిక్ బొమ్మయితే చూసి ఊరుకుంటారు. రేపు దీని పొట్ట తెరిచి, తప్పెక్కడుందో పట్టుకోమంటాను. ఇన్నాళ్లూ బోర్డుమీద గీసి గీసి చెప్పాను కదా."

"ఒక్కరూ పట్టుకోలేకపోతే?"

"అప్పుడు తప్పు మీ కుట్టుది కాదు, నాదే."

అత్తగారు కత్తెర కింద పెట్టి, రెండు చేతులూ జోడించారు.

"దేవుడా, ఒక్కరూ పట్టుకోకుండా చూడు! తప్పు నాదేనని ఈవిడ ఇంకోసారి అనగా వినాలి."