ఇంకా ఎండాకాలం చూడని కోళ్ళు

ముందు ఒక సవరణ, ఆ తరువాత నమస్కారాలు. అరుంధతీ, ఇందాక నువ్వు ఈ వీడ్కోలు సభలో మైకు ముందు నిలబడి "నా పని పూర్తయింది, సంతృప్తిగా వెళుతున్నాను" అన్నావు. పూర్తి కాలేదు. ఇక సంతృప్తి సంగతి, నీ ముఖం చూస్తే మూడో వరసలో కునుకు తీస్తున్న పెద్దమనిషికి కూడా తెలిసిపోతుంది. (నవ్వులు) ఆయన్ని లేపకండి, పాపం, భోజనాలు బాగున్నాయి.

సభాధ్యక్షులు, ఈ విభాగానికి అధిపతి ఆచార్య పార్థసారథి గారికి, వేదిక మీది పెద్దలకు, పరిశోధక విద్యార్థులకు, కోళ్ళ షెడ్డులో చేతులు కడుక్కుని నేరుగా ఇక్కడికి వచ్చిన గట్టయ్యకు నా నమస్కారాలు. నా పేరు హెలెన్. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి చాలాకాలం కిందట రిటైరయ్యాను. తార్నాకలో అరుంధతి వాళ్ళవీ మావీ ఎదురెదురు తలుపులు. మా మనవరాలు లిడియా ఈమె దగ్గరే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు ఈమె ల్యాబులోనే పనిచేస్తోంది. ఇంటివాళ్ళ తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పాలంటే అరుంధతి నా వైపు చెయ్యి చూపించింది. ఎందుకు చూపించానా అని ఇంకాసేపట్లో అనుకుంటుంది.

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళంతా ఆమెకు శాలువాలు కప్పారు. ఎండ వేడికి పశువుల ఒంట్లో, పక్షుల ఒంట్లో ఏమవుతుందో జీవితమంతా వెతికిన మనిషికి, మార్చి నెలాఖరున, ఏసీ మూలుగుతున్న హాల్లో, ఒకదాని మీద ఒకటి శాలువాలు! ఇది సన్మానమో, ఆఖరి ప్రయోగమో నాకు అర్థం కాలేదు. (నవ్వులు) తీసెయ్యమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు.

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం మా అపార్టుమెంటులో కరెంటు పోయింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని క్యాలెండరు అట్టతో విసురుకుంటున్నాను. అరుంధతి క్యాంపస్ నుంచి మెట్లెక్కి వచ్చి, బాగున్నారా అని కూడా అడక్కుండా, "అన్నం తిన్నారా టీచర్‌గారూ?" అంది.

"తినబుద్ధి కాలేదమ్మా."

"మా కోళ్ళూ అంతే," అంది.

కోడితో పోల్చినందుకు నాకు కోపం రావాలి. వచ్చేలోపే ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. కోడికి చెమట పట్టదట. నోరు తెరిచి రొప్పడమే దానికున్న దారి. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది గనక, తాళలేని కోడి తనంతట తానే తిండి తగ్గించుకుంటుంది. తిన్న ఆ కాస్త దాణాలోనే గుడ్డు పెంకుకు ఇంత, ఒళ్ళు నిలబెట్టుకోవడానికి ఇంత, రోగాన్ని ఎదుర్కోవడానికి ఇంత అని పంచుకోవాలి. ఎక్కడో ఒకచోట తక్కువ పడుతుంది. అందుకే నడివేసవిలో టీకా వేస్తే కొన్నిటికి సరిగా పట్టదు. నేను విసురుకోవడం మానేశాను. ఇంట్లో ఏ తల్లి చేసే సర్దుబాటో విన్నట్టు విన్నాను, కానీ ఆ సర్దుబాటు చేస్తున్నది ఎవరూ నేర్పని, ఎవరూ అడగని కోటానుకోట్ల కణాలు.

మర్నాడే లిడియాను వెంటబెట్టుకుని క్యాంపస్‌కు వచ్చాను. షెడ్డు గుమ్మం దగ్గర గట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, గీ మెరిసే చీరతోని లోపలికి రావద్దు, కోళ్ళు పరేషాన్ అయితయి," అన్నాడు. "నా ముఖం చూసి కావా?" అన్నాను. "ముఖమైతే ఇంకా అవి చూడలే కదా," అన్నాడు. (నవ్వులు) ఇక్కడ లోపలికి వెళ్ళేవాళ్ళందరికీ ఒకటే బూడిదరంగు కోటు. కొత్త రంగు, కొత్త చప్పుడు వస్తే కోళ్ళు బెదురుతాయి. బెదిరితే రక్తంలో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. అప్పుడు కొలిచేది ఎండనా, బెదురునా ఎవరికీ తెలియదు.

తరువాత అరుంధతి నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టింది. కెమిస్ట్రీ క్లాసులో ఏటేటా ఒక గుడ్డు ఉడికించి, తెల్లసొన ఇలా గట్టిపడ్డాక మళ్ళీ వెనక్కి రాదు, ప్రొటీన్లు మడత విప్పుకుంటే అంతే సంగతి అని పిల్లలకు చెప్పినదాన్ని నేను. ఆ గుడ్డు పెట్టే ప్రాణి లోపల, వేడి తగలగానే, కణం తన పనులు చాలావరకు పక్కన పెట్టి, మడత విప్పుకుంటున్న ప్రొటీన్లను పట్టుకుని నిలబెట్టడానికి వేరే ప్రొటీన్లను పుట్టిస్తుందట. రంగు పట్టించిన ఆ ప్రొటీన్లే ఆకుపచ్చగా మెరుస్తూ కనిపించాయి. కోడిలోనే కాదు, గేదెలో, గోధుమ మొలకలో, ఇందాక మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్న నాలో కూడా ఇదే ఏర్పాటు ఉందని అరుంధతి నా చెవిలో చెప్పింది. ప్రతి ఆదివారం చర్చిలో తల వంచుతాను. ఆ రోజు ఆ యంత్రం ముందు కూడా వంచాను. వంచకపోతే ఏమీ కనబడదనుకోండి, కానీ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

(గ్లాసు అందుకుని) మంచినీళ్ళు ఇక్కడే ఉన్నాయి. అక్కర్లేదు, కూర్చో లిడియా.

పోయిన వేసవిలో అరుంధతి కొన్ని కోళ్ళకు దాణాలో కాస్త సెలీనియం అనే ఖనిజం, విటమిన్లు కలిపి, ఎండెక్కకముందే తెల్లవారుజామున మేత పెట్టించింది. వాటికి నడివేసవిలో కూడా టీకా చక్కగా పట్టింది. మంచిదే. కానీ ఆమె అసలు ప్రశ్న అది కాదు. తల్లి తిన్న తిండి, తల్లి పడ్డ వేడి, కూతురికి ఏమైనా ఇస్తాయా? ఆ కూతుళ్ళు ఇప్పుడు షెడ్డులో ఉన్నాయి. నిన్నమొన్ననే పెట్టలయ్యాయి. ఇంకా ఒక్క ఎండాకాలం చూడలేదు. రేపు పొద్దున వాటిని వేలం వేస్తున్నారు, ఎందుకంటే ప్రాజెక్టు అరుంధతి పేరు మీద ఉంది, అరుంధతి ఇవాళ రిటైరైంది. ఎల్లుండి అవి ఎవరింటి కూరలోనో ఉంటాయి. ప్రశ్న ఎక్కడ ఉంటుంది?

నిన్న ఏం జరిగిందో ఇక్కడున్న పిల్లలకు తెలుసు, ఎందుకంటే చేసింది వాళ్ళే. మేడమ్‌ను కోళ్ళ మధ్యనే సత్కరిద్దామని డప్పులతో, బంతిపూల దండలతో షెడ్డు మీదికి వెళ్ళారు. అరుంధతి రెండు చేతులూ పైకెత్తి బయటికి పరుగెత్తుకొచ్చింది. తిట్టలేదు. "ఇవాళ రక్తం తీయడానికి లేదు, తీస్తే మీ డప్పును కొలిచినట్టవుతుంది. నాలుగు రోజులాగి తీయాలి," అంది. వినండి. రేపు తనవి కాకుండా పోయే కోళ్ళకు, నాలుగు రోజుల తరువాతి పని నిర్ణయించింది. ఆ మాట అన్నాక ఆమెకే గుర్తొచ్చింది. దండలు ఆమే అందుకుని, అందరికీ థాంక్స్ చెప్పి పంపేసింది. పని పూర్తయిన మనిషి అలా మాట్లాడదు.

"టీచర్‌గారూ, ఇక చాలు," అంటోంది చూడండి. నువ్వు అడగవని నాకు తెలుసు. ఆఖరి రోజున అడిగితే సొంతానికి అడిగినట్టుంటుందని నీ మొహమాటం. నాకు మొహమాటం తక్కువ, వయసు ఎక్కువ. పార్థసారథి గారూ, ఈ ఒక్క వేసవి ఆ కోళ్ళను ఉండనివ్వండి.

(అధ్యక్షులు: "టీచర్‌గారూ, ఫైలు పైకి పంపి చూస్తాం.")

ఫైలు వానలకు కదులుతుందండీ. ఎండ ఏప్రిల్లో వస్తుంది.

(నవ్వులు. అధ్యక్షులు: "బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి కదా. ఎవరి పేరు మీద ఉంచను?")

(లిడియా లేచి: "నా పేరు మీద రాయండి సార్. మేడమ్ వచ్చి చెబితే చేస్తాను, రాకపోతే నేనే ఆవిడ ఇంటికి వెళ్ళి అడుగుతాను. ఎదురు తలుపే.")

(అధ్యక్షులు: "సరే. రేపటి వేలం ఆపుతున్నాను. జూన్ దాకా ఉంటాయి." చప్పట్లు.)

చప్పట్లు గట్టిగానే కొట్టండి, షెడ్డు దూరమే. అరుంధతీ, కళ్ళు తుడుచుకోవడానికి ఆ పట్టు శాలువాలు పనికిరావు, ఇదిగో నా చేతిరుమాలు.

నిన్ను పొగుడుదామని వచ్చి నీ కోళ్ళ గురించే మాట్లాడాను. ఎదురు తలుపు వెనక ఇంత పెద్ద ప్రశ్న కాపురం ఉంటే, నేను ఇన్నేళ్ళూ నీకు పెరుగు తోడు కావాలా అని మాత్రమే అడిగాను. ఈ వయసులో నన్ను మళ్ళీ ఆశ్చర్యపడేలా చేసినందుకు నీకు, నా ధాటికి తట్టుకున్నందుకు అధ్యక్షులకు, కునుకు చెడినందుకు ఆ మూడో వరస పెద్దమనిషికి కృతజ్ఞతలు. ఇంక నాకు సెలవిప్పించండి.

దిగేముందు ఒక్క మాట. ఆ తలుపు పక్కన టబ్బులో కూల్‌డ్రింకుల చుట్టూ వేసిన ఐసు ఇంకా కరగలేదు. పార్థసారథి గారూ, మీరూ ఇంకో ఇద్దరు పిల్లలూ సీసాలు బల్ల మీద పెట్టేసి, ఐసు బకెట్లలోకి ఎత్తి, బూడిదరంగు కోట్లు వేసుకుని షెడ్డుకు పట్టుకెళ్ళండి. తాగేనీళ్ళ తొట్లలో ఒక్కసారే గుమ్మరించకండి, కొంచెం కొంచెంగా వేస్తూ, మరీ చల్లబడకుండా చెయ్యి పెట్టి చూసుకోండి. ప్రయోగం ఏప్రిల్ ఎండలకు కదా, ఇవాళ్టికి వాటికి కాస్త చల్లటి నీళ్ళు దొరకనివ్వండి. మూడు దాటింది, ఇప్పుడే వెళ్ళండి.