ఆరింటికి ఏటికి సారె

ఆరింటికంట! ఏటికి సారె పెట్టడానికి టైము వేస్తారా ఎక్కడన్నా, నువ్వే చెప్పు చంద్రికా. కూర్చో, టీ పెడతాను.

మెట్ల దగ్గర లిస్టు అంటించాడు చూశావా, కిందింటి హెర్ ష్నైడర్? ఇసుక బస్తాలు నింపేది ఎవరు, కెల్లర్‌లో, అదే కింద నేలమాళిగలో, పంపు దగ్గర ఎవరు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, అన్నీ పేర్లతో సహా. ఎల్బే ఏరు ఇంకా గట్టు దాటనేలేదు, ఈ జర్మన్ల కాఫీ టైము కూడా ఖాయమైపోయింది. నవ్వకు. అందులోనే చివర చూడు. "ఆరు గంటలు. నది. ఫ్రావ్ శాంత."

నువ్వు పైవాటాలో మొన్నేగా దిగావు, నీకు తెలీదు. కిందటిసారి వరదొచ్చినప్పుడు నాకేం పనిచ్చారో తెలుసా? కేకు. కోనసీమ లంకలో పుట్టినదాన్ని, గోదారి గుమ్మంలోకొస్తే పొయ్యి అటకెక్కించి వండుకు తిన్న ఇంటిదాన్ని, నాకు కేకా? ఒళ్ళు మండిపోయింది.

చేశాననుకో. పులిహోర కూడా కలిపాను. వరదన్నాక రెండ్రోజులు నిలవుండేది కావాలా వద్దా? బస్తాలు మోసినవాళ్ళు కేకు వదిలేసి పులిహోర ఊడ్చేశారు.

మర్నాడు పొద్దున్నే పళ్ళెంలో పసుపూ కుంకుమా, జాకెట్టు ముక్కా, డజను గాజులూ పెట్టుకుని ఏటి మెట్ల మీదికెళ్ళాను. మా ఊళ్ళో అంతేగా. వెనక్కి తిరిగితే ఈ ష్నైడర్, నీళ్ళు కొలిచే కొలబద్ద పట్టుకుని. ఏట్లో ఏదన్నా వేస్తే ఇక్కడ ఊరుకుంటారా? గాజులూ గుడ్డా నీళ్ళకి తాకించి వెనక్కి తీసేసుకున్నాను.

నాకొచ్చిన జర్మన్‌లోనే చెప్పాను. ఏరు మాకు ఆడపడుచండీ, కోపంగా వచ్చినా ఉత్త చేతుల్తో పంపం, సారె పెట్టి సాగనంపుతాం అని. ఆయన టోపీ తీసి పక్కన నిలబడ్డాడు, పాపం.

సాయంత్రానికి జానెడు నీళ్ళు తీశాయి. ఇంకేముంది? మెట్ల మీద కనబడితే చాలు, అందరూ ఆగి పలకరించడమే. ఏడేళ్ళుగా అద్దె కడుతున్నా, ఇది నా ఇల్లు అనిపించింది అప్పుడే.

మరి బాధేమిటంటావా? ఆ తలుపు దగ్గరికి వెయ్యి, చెప్తాను.

ఆ రోజు ఫోన్లో నీటిమట్టం చూసుకునే వెళ్ళాను. అప్పటికే రెండు గంటలుగా తగ్గుతోంది. మా నాయనమ్మ కిటుకది. ఒడ్డున పుల్ల గుచ్చి, నీళ్ళు వెనక్కి తగ్గాకే సారె బయటికి తీసేది. "తగ్గే నీళ్ళకి పెడితే ఏరూ మాట వింటుంది, ఊరూ మాట వింటుందే" అనేది. బతికినన్నాళ్ళూ ఊళ్ళో ఆవిడ మాటకి తిరుగులేదు.

ఇప్పుడేమో ఆరింటికి ఇల్లంతా వచ్చి నిలబడుతుంది. వీళ్ళు ఒక్క నిమిషం ఆలస్యం చేసే రకమా? రేపటికి మార్చమని ఏ మొహం పెట్టుకుని అడగను? అడిగితే మళ్ళీ కేకే.

ఏదీ, నీ ఫోన్లో చూడు, ఎంతుంది?

ఇంకా ఎక్కుతూనే ఉందా. తగ్గేది రేపు మధ్యాహ్నం తర్వాతేనా.

సరేలే, టీ తాగి లే. ఆ పళ్ళెం ఇలా అందుకో, పసుపు డబ్బా కూడా. నువ్వూ వచ్చి నా పక్కన నిలబడు. ఎక్కే నీళ్ళకి సారె పెట్టడం మా ఇంటావంటా లేదు. ఇవాళ నిజంగానే దండం పెట్టుకోవాలి.