సాంబారు సాగరం, ఆదివారం మొదటాట

"తాతా, హాస్టల్ల నవ్వుల పత్రిక తీసిన్రంట గద?"

నేనొక్కన్నే కాదు బిడ్డా. నేను, నా రూమ్మేటు ప్రసాదు. వాంది గుంటూరు దిక్కు. ఇద్దరం సైక్లోస్టైల్ కొట్టి పంచేది. అన్నీ ఉత్తుత్తి అడ్వర్టైజ్‌మెంట్లే. మెస్సు చపాతీ బొమ్మ ఏసి, చెప్పు అడుగుకు కుట్టించుకోన్రి, వానల గూడ తడువదు అని రాసినం.

అప్పట్ల కొత్త సినిమా వస్తే రిక్షాకు మైకు కట్టి రంగు కాగితాలు పంచుతుండే. నేల టికెట్టు ఆరణాలు... కాదు కాదు, అణాలు పోయినయ్ అప్పటికే, నలభై పైసలు. ఆ కాగితంల కథ సగం చెప్పి, "శేషం వెండితెర మీద" అని ఆపేటోళ్లు.

మేమూ గట్లనే గులాబి కాగితం మీద "సాంబారు సాగరం" అని ఏసినం. హీరో పప్పుగింజ కోసం మెస్సు సాంబార్ల దుంకుతడు. విలను మా వార్డెన్‌సారు, పప్పంత దాసిపెట్టిండు. "పప్పు దొరికిందా? శేషం వెండితెర మీద. హాస్టల్ మెస్సుల, ఆదివారం మొదటాట." తార్నాక చౌరస్తల పంచినం.

ఆదివారం చూస్తే ఏంది, లాలాగూడ రైల్వే క్వార్టర్లకెల్లి జనం, పిల్లాజెల్లతోని మెస్సుల చాపలేసుకొని కూసున్నరు. తెర ఏదని ఒకటే లొల్లి.

సారు పిలిచిండు. చేతుల గులాబి కాగితం. సీటు పోతే సదువు ఆడికే ఖతం, ఇంటికి పోయి నాగలి పట్టుడే. సారు అంత సదివిండు, ఒక్కపారి గూడ నవ్వలే. మమ్ముల జనం ముందర నిలవెట్టిండు.

"శేషం చెప్పున్రి. వీళ్లు నవ్వుకుంట పోతే మీ సీట్లుంటయ్, తిట్టుకుంట పోతే ఉండయ్."

మాకాడ శేషమేడిది? రాసుకోనేలే. ప్రసాదు నన్ను ముందటికి నూకిండు. నేనే గరిటె పట్టుకొని మొదలువెట్టిన. హీరో మునిగిండు, ఈదిండు, పప్పుగది తాళంచెవి దొరికిందన్న. పిల్లలు నవ్విన్రు. ముందట కూసున్న ముసలమ్మ లేసి, "మరి ఆ విలనుకు బుద్ధొచ్చిందా?" అన్నది. సారు నా దిక్కే చూస్తుండు. ఏం చెయ్యాలె? వచ్చిందన్న. తెల్లారి సంది గరిటె నిలవడేటంత పప్పేసిండు, శుభం అన్న. సప్పట్లే సప్పట్లు. నవ్వుకుంట చాపలు సుట్టుకున్నరు.

సారు నా భుజం తట్టిండు. "సీటుంటది. కని నీ కథ పూరాగ సినిమానే."

తెల్లారి మెస్సుల కూసున్న. సాంబార్ల నా మొహం నాకే సాఫ్ కనవడ్డది.

అరే, నీ కంచం ఖాళీగున్నది. పప్పేసుకో, ఇంకింత. నీ కంచం ఎన్నడు పల్చవడొద్దు బిడ్డా, సల్లగుండు...