అటు తిరుగు తమ్ముడూ

ఏటే రాజకుమారీ, కంచం అలా తోసీసినావేటి? మీ అన్న నరేసు ఏటన్నాడు? నోరు కట్టుకోలేవా అన్నాడా? ఊఁ. కూకోయే గుంటా, లేవకు. ఆ మాట ఈ తాతకి కొత్త కాదు, ఈ నోటితోనే అన్నాను నాను. మా అప్ప ఉండీది, నా పెద్దక్క, దానమ్మని పేరు, నువ్వు పుట్టకముందే ఎల్లిపోయిందిలే. పొద్దు పొడిసీసరికి మన కళింగపట్నం ఇసకలో సేపల తట్ట నెత్తినెట్టుకొని బయల్దేరీది. మంచులో మనిసి కనపడీది కాదు, తట్టొక్కటే తేలుకుంటా పోతన్నట్టుండీది. ఇప్పుడూ కళ్ళు మూస్తే అదే కనపడతాది నాకు. సింగుపురం దాకా నడకే మరి! ఊరూరా సేపలిచ్చి సోళ్ళు, అదే మీ బళ్ళో రాగులంటారే, అయి తెచ్చీది. ఆ సోడి అంబలి గ్లాసుడు కాదే, సట్టెడు తాగీది. ఆపైన పులుసన్నం. మా అమ్మ అనీది, 'తిన్నదంతా ఎక్కడికి పోతన్నాదే తల్లీ, అరికాల్లో కన్నమేటైనా ఉన్నాదేటి?' అని. మనిసి మాత్రం తెరసాప కర్రే.

ఆఁ, ఏటి సెప్తన్నాను... ఆటో. రోడ్డు పడింది, అప్పకి మోకాళ్ళు పీకుతన్నాయంటే నానే ఆటో కొన్నాను. ఎనకాల 'అప్ప దీవెన' అని రాయించాను, ఎర్ర రంగుతో. ఆ రాసినోడు మంచి పనోడులే, గార నుంచి వచ్చీవోడు. తట్ట ఎనక, అప్ప నా పక్కన. ఊళ్ళల్లో సోళ్ళు ఎయ్యడం మానీసినారు, ఇంటికి కోటా బియ్యమూ పామాయిలూ వచ్చాయి. సందలడితే టీవీ ముందర మిచ్చరు పొట్లం. రెండేళ్ళు తిరక్కుండా మనిసి లావెక్కి ఊరిపోయింది. అదే మనిసే, అదే నోరే. ఇంకా మాటకొస్తే తిండి తగ్గింది కూడాను! నడక పోయింది, గింజ మారిపోయింది, అదెవలికి తట్టింది? ఊరంతా ఒకటే మాట, దానమ్మకి నోటి కట్టడి లేదని.

ఒకనాడు పెళ్ళి బంతిలో కూకున్నాం. వడ్డించీవోడు అప్ప ఇస్తట్లో అన్నం ఎయ్యబోతంటే నాను సెయ్యడ్డెట్టి, 'ఒరే, ఇంక ఎయ్యకురా, నా ఆటో టైరు పేలిపోతాది' అన్నాను. బంతి బంతంతా నవ్వింది. అప్పా నవ్వింది. నవ్వి, సగం తిన్న ఇస్తరి మడిసీసి లేసిపోయింది. అంతే. మరి నా ఎదర ముద్ద ముట్టలేదు. నాను బయటికెల్తే గోడేపు తిరిగి తినీది. పన్నెండేళ్ళే! తప్పయిపోయిందప్పా అని ఒక్కమాట అనలేకపోయాను. ఏటి అడ్డొచ్చిందో, సిగ్గో, మగోణ్ణన్న పొగరో.

ఆఖర్న మంచాన పడితే కవళ్ళ సేపల పులుసుతో అన్నం కలిపి ఎదరెట్టాను. తినప్పా అన్నాను. సూసింది, మెల్లిగా నవ్వింది. 'అటు తిరుగు తమ్ముడూ, తింటాను' అంది. తిరిగాను. ఈ కిటికీయే. పొగమంచు పట్టీసి సముద్రమూ ఆకాశమూ ఒకటైపోయున్నాయి. ఆ మంచులో తట్ట తేలుతున్నట్టే అనిపించింది నాకు, అలా సూస్తా ఉండిపోయాను. ఇటు తిరిగీసరికి ముద్ద ముద్దలాగే ఉన్నాది. అప్ప లేదు.

నరేసుగాణ్ణి తిట్టకులే. నాకు తెలిసిందా ఏటి, ఆడికి తెలీడానికి? నీకూ గుమ్మంలోకే బస్సొస్తాది, దిగితే సిప్సు కొట్టు, నడిసీదెక్కడ? రేపట్నించి ఇసకమ్మట నాతో నడుద్దువుగాని. ముందు తిను. ఏటీ? నన్ను అటు తిరగమంటావా?

తిరగనే. నా ఎదరే తిను.