ఫిర్యాదు కింద ఫుట్‌నోటు

అది కాదండీ ఇన్‌స్పెక్టరుగారూ, నేను రాసిందేమిటి, మీవాళ్లు చేసిందేమిటి! ఆ కుర్రాళ్లు మా మెట్లమీద కూర్చుని ఈలలేస్తారు, నన్ను ‘డిక్షనరీ తాత’ అంటారు. అంతేగా? దానికి ముగ్గురు పిల్లల్ని తెచ్చి లోపల పడేస్తారా?

ఏమిటీ? నిప్పు పెట్టారని నేనే రాశానా? ఏదీ, చూడనివ్వండి.

ఆఁ... ఇది ఫుట్‌నోటండీ. నిఘంటువు ఆఫీసులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. కింద మాట పుట్టుక రాయందే చెయ్యి ఊరుకోదు. పాలవాడికి రాసే చీటీకి కూడా! ‘ఆకతాయి’ అని రాశాను కదా, అది ‘ఆతతాయి’ నుంచి వచ్చిందంటారు. విల్లు ఎక్కుపెట్టి మీదికొచ్చేవాడన్నమాట. పూర్వం ఆరు రకాలు చెప్పారు. ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు... అంతటి మాట అరిగి అరిగి ఈలలేసే కుర్రాళ్ల దాకా వచ్చింది. ఎంత ముచ్చటో చూడండి!

సరే, సరే. విషయానికొస్తాను.

మొన్న మధ్యాహ్నం మా మెట్లకింద పాత పేపర్ల కట్టలు అంటుకున్నాయి. ఆ మంటనీ నా ఫుట్‌నోటునీ మీ రైటరు కలిపి కుట్టేశాడు. కుట్టేస్తాడని నాకు తెలీదా? ‘అయితే వీళ్లే అంటించారంటారా తాతగారూ?’ అని అడిగాడు కూడా. నేను కాదనలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఎందుకంటే... బయట బెంచీమీద ఉన్నారే, ఆవిడ మా ఆవిడ. నేను సిగరెట్టు మానేసి పన్నెండేళ్లయిందని ఆవిడ నమ్మకం. రోజూ ఆ మెట్లకిందే ఒకటి కాలుస్తాను. మొన్న ఆవిడ పిలిచేసరికి కంగారులో అక్కడే పారేసి పైకి పరిగెత్తాను.

మంట ఆర్పిందెవరనుకున్నారు? ఆ ముగ్గురే! పొడుగువాడు పొగలోంచి మా ఆవిణ్ణి వీపుమీద మోసుకొచ్చాడు. ఎలా అంటుకుందిరా అని వాటాలవాళ్లంతా అడుగుతుంటే ముగ్గురూ నా వంక చూశారు. రోజూ చూసేవాళ్లే కదా. ఒక్కడూ బయటపెట్టలేదండీ. ఇక్కడ మీరు గద్దించినా చెప్పలేదన్నమాట!

నేను మాత్రం మర్నాడే ఫిర్యాదు రాశాను. వాళ్లు చెప్పేలోగా.

ఆ పొడుగువాడికి ఇవాళ పదింటికి ఉద్యోగం ఇంటర్వ్యూ అట. వాళ్లమ్మ పొద్దున్నే మా గుమ్మంలోకొచ్చి ఏడ్చింది. మీ గడియారంలో తొమ్మిదింపావయింది.

ఓ తెల్లకాగితం ఇప్పించండి. ఆ తలుపు... వద్దు, మూయకండి. ఆవిడా విననీ.

ఈసారి ఫుట్‌నోటు ఉండదు లెండి.