కంబళి మీద కూర్చోని కుక్క

తిప్పక్క అని ఒకామె ఉండేదంట. గొర్రెలు కాసే కురబోళ్ళామె. మొగుడు ఈరప్ప, ఒక ముసిలత్త, డెబ్బై గొర్రెలు, ఒక కుక్క. ఇంతే ఆమె సంసారం. ఆ ఈరప్ప ఏం చేసినాడంటే, గొర్రెలకి ఆకు కొడదామని తుమ్మచెట్టెక్కి, తను నిలబడిన కొమ్మ... నవ్వకండి రా, నిలబడిన కొమ్మని తనే కొట్టుకునేంత తిక్కోడేం కాదు. కొమ్మ లోపల పుచ్చిపోయిండాది, ఆయప్పకి తెల్దు. ఫెళ్ళుమని విరిగింది. కింద బండ మీద పడినాడు, తొడెముక విరిగిపాయ. కట్టు కట్టే ఆయన వచ్చి వెదురు దబ్బలు పెట్టి బిగిచ్చి కట్టి, నాలుగు నెల్లు మంచం దిగినావంటే ఆ కాలు నీది కాదు అని చెప్పి పోయినాడంట. అది దీపావళి అయినాక నాలుగు దినాలకి జరిగింది.

మా పక్క సంగతి మీకు తెలుసు గదా. పుష్యం ఎల్లిందంటే గడ్డి పోస కనపడదు. అప్పుడు మా ఊరి ఎనిమిది మందలూ ఒకటిగా చేరి, తూర్పుకి, వరి కోసిన మళ్ళ మీదికి పోతాయి. వానలు పడినాక మళ్ళ తిరిగొస్తాయి. పోకుండా ఊర్లో నిలిచిపోయిన మంద శివరాత్రి చూడదనుకో. తిప్పక్క ఏమనిందంటే, మొగుడు మంచంలో ఉంటే ఏమాయ, నేను తోలుకోని పోతా గొర్రెల్ని అనింది. అందరికీ పెద్ద మాళప్ప అని ఒకాయన. మందలు కదలల్లన్నా నిలబడల్లన్నా ఆయన మాటే. ఆయన, రా తల్లీ, ఆడమనిసి రాకూడదని యాడా రాసి లేదు, కానీ నీ కుక్క మాత్రం రాకూడదు అన్నాడంట. ఎందుకు మామా అంటే, ఎందుకా, అది కుక్కేనా అసలు? మనిసిని చూస్తే రెండు రాళ్ళేటు దూరం పరిగెత్తే కుక్క, తోడేల్ని చూస్తే ఆగుతాదా? ఒక కుక్క పరిగెత్తితే దాన్ని చూసి ఎనిమిదీ పరిగెత్తుతాయి. మూడేండ్ల కిందట అట్లనే పదకొండు గొర్రెల్ని పోగొట్టుకున్యాం. మళ్ళ ఆ పని చెయ్యను అన్నాడంట. ఆయన మాటా తప్పేం కాదు. కుక్క లేని మంద ఎవురికీ వద్దు, అదీ కట్టుబాటే.

ఆ కుక్క పేరు జాజిగాడు. జాజు పూసినట్ల ఎర్రగా ఉంటాది. మాళప్ప పోతా పోతా, దాన్ని నెత్తిన రాయేసి పారెయ్, నా కుక్క ఈనింది, ఒక పిల్లనిస్తా అని కూడా చెప్పినాడంట. మంచి మనసుతోనే చెప్పినాడు. కానీ పిల్ల పెద్దదయ్యేకి ఏడాది పడతాది, గొర్రెలు చచ్చేకి రెండు నెలలు చాలు. పైగా దాని నెత్తిన రాయేసేకి ఆమెకి మనసు రాలేదు. ఉండేది ఈ కుక్క, ఉండేవి ఈ రెండు నెలలు. దీన్నే నిలుపుతా అనింది.

నిలిపేది అంటే ఏందో మీలో ఈ చిన్న పిల్లోళ్ళకి తెలీదు గదా, చెప్తా. మందలు కదిలే ముందర ఊరి బయట బండ మీద అందరూ చేరతారు. గొర్రెలాయన తన కంబళి తీసి బండ మీద పరిచి, బువ్వ మూట దాని మీద పెట్టి, కుక్కని కూర్చోబెట్టి, ఎనక్కి చూడకుండా పోయి గుండురాయి చాటున నిలబడల్ల. అప్పుడు పెద్దాయన కంబళి కప్పుకోని కట్టె పట్టుకోని మూట ఎత్తుకునేకి వస్తాడు. కుక్క కంబళి దిగకుండా ఆయన్ని ఆపల్ల. ఆపిందా, అది మంద కుక్క. దిగిందా, దానికి దారి లేదు. కంబళంటే యజమాని అనే లెక్క. మా కురబోళ్ళకి కంబళి లేకపోతే ఏముంది చెప్పు!

తిప్పక్క మొదట అందరూ చేసేదే చేసింది. ఎముక ఏసింది, రాలేదు. పలుపు తాడేసి గుంజకి కట్టింది, తాడు కొరికి పారిపాయ. మళ్ళ దొరకబట్టి, కోపం పట్టలేక బరికెతో నాలుగు పీకింది. అది అరవను కూడా అరవలేదంట. నేలకి అతుక్కోని ఉచ్చ పోసుకునింది. అంత పెద్ద కుక్క! ఆ బరికె ఆడనే పారేసి, నాకేం పోయేకాలం వచ్చింది, భయపడేదాన్ని ఇంకా భయపెడతాండానే అని గోడ చాటుకి పోయి ఏడ్సింది. మర్నాటి నుంచి చెయ్యడం మానేసింది, చూసేది మొదలుపెట్టింది. ఎనిమిది దినాలు ఏమీ చెయ్యలేదు. గొర్రెలు మేపుకుంటా, అది యాడ ఉంది, ఎప్పుడు దగ్గరికొస్తాది, ఎప్పుడు పోతాది అని చూస్తానే ఉండింది. మీరెవురన్నా మీ కుక్కని ఎనిమిది దినాలు చూసినారా? ఒరే ఓబిలేశూ, నిన్నే అడిగేది. మోటరు కాడ గొలుసేసి కట్టి, ఎందుకురా అరుస్తావు అని దాన్నే తిడతావు గదా నువ్వు.

సరే, ఏమైందంటే, ఒకరోజు వంక కాడ కంబళి ఉతికి పొద మీద ఆరేసి, ఉత్త చీరతో గొర్రెల కాడ కూర్చునింది. కుక్క వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ రానంత దగ్గరికి, పది బారల దూరానికి వచ్చి, ఈమె పక్కకి మూతి చాపి వాసన చూసింది. ఈమె కదలకుండా ఉండింది. సాయంత్రం కంబళి భుజానేసుకునింది. కుక్క మాయం! ఓహో అనుకునింది. మర్నాడు కంబళిని ఉత్త కంప మీద ఏసి, తను దూరంగా పోయి కూర్చునింది. అది ఆ కంపని ఎంత దూరంగా చుట్టుకోని పోయిందంటే, పాముంటే కూడా అంత దూరం పోరు. దానికి మనిసంటే కాదు, కంబళంటే భయం.

ఇంటికొచ్చి మొగుణ్ణి అడిగింది. ఏమయ్యా, ఇది పిల్లగా ఉన్నప్పుడు కంబళితో ఏం చేసినావు? ఈరప్ప, ఏం చేస్తాను, అందరం చేసేదే, కొత్త పిల్లని నా కంబళిలో మూట గట్టి ఒక పగలంతా పెట్టినా, యజమాని వాసన పట్టుకుంటాది గదా అన్నాడు. యాడ పెట్టినావు అనింది. దొడ్డి ఎనక. దొడ్డెనక యాడ? ఆయప్ప, ఆడ గండుచీమల పుట్ట ఉండె, సాయంత్రం మూట ఇప్పితే కంబళి నిండా చీమలే, నేను చూసుకోలేదు అన్నాడంట. మూటలోనుంచి అది గీ అని అరుస్తాంటే, మొండిదిరా ఇది అని పైనుంచి కట్టెతో రెండు వాయించినాడంట కూడా. అది పొద్దంతా పిలిచింది మే నన్ను, నేనే ఇనలేదు అని మొగం గోడ పక్కకి తిప్పుకున్నాడు.

ఇంగ చూడండి ఆమె పంతం. ఆ మార్గశిరం చలిలో, పొద్దున్నే మంచు కురుస్తాంటే, కంబళి లేకుండా ఉత్త చీరతో గొర్రెలెంట పోయేది. అత్త వాకిట్లో నిలబడి తిట్టేది. కురబోళ్ళ ఇంటి కోడలు కంబళి లేకుండా తిరుగుతాందంటే ఊరు మన మొగాన ఉమ్మెయ్యదా, కుక్క కోసరం సిగ్గిడిసినావు గదే అని. ఈమె పండ్లు టకటకా కొట్టుకుంటాంటే కూడా, ఉమ్మేస్తే తుడుచుకుందాంలే అత్తా అని పోయేది. కుక్క దగ్గరికి రాబట్టింది. పది బారలు ఐదాయ, ఐదు రెండాయ. సంగటి ముద్ద పెడితే మూతి తిప్పుకునేది. జొన్నరొట్టె పెడితే వాసన చూసి ఒదిలేది. ఎముకంటే కూడా మనసు లేదు. ఏందబ్బా నీకు కావల్సింది అని ఈమె తల పట్టుకునింది. ఒకరోజు ఒక గొర్రె ఈనింది. తడి పిల్ల లేసి నిలబడి తుమ్మింది. అంతే, జాజిగాడు పరిగెత్తుకోనొచ్చి దాని చెవులు నాకుతా తోక ఊపింది. తిప్పక్క ఆ తోక ఊగేది చూడడం అదే మొదలంట! నీ ప్రాణం తిండి మీద లేదురా, పిల్లల మీద ఉంది అనుకునింది.

అప్పుడు ఏం చేసిందంటే, తన కంబళిని, పెండ్లికి అమ్మ ఇచ్చిన కంబళిని, కత్తితో కోసింది. అవును, కోసింది. అత్త రొమ్ము కొట్టుకోని ఏడ్సింది. జానెడు పీలిక కోసి, గొర్రెపిల్లల దొడ్డి వాకిలికి దూరంగా ఏసింది. కుక్క దాన్ని దాటుకోని వస్తే వాకిలి తీసేది, పిల్లల మధ్యకి పోనిచ్చేది. రోజుకి ఒక అడుగు దగ్గరికి జరిపేది. కుక్క ఆవలిచ్చిందా, ఆ పొద్దుకి చాలు. ఆవలిస్తే నిద్రొచ్చింది అనుకుంటారు గదా మీరు? భయమేసినా ఆవలిస్తాది కుక్క. ఊరికే మూతి నాక్కుంటాది, మొగం పక్కకి తిప్పుకుంటాది. నాకు వద్దు తల్లీ అని అది చెప్పేది అట్లనే, నోరు లేదు గదా దానికి. అట్ల చెప్పినప్పుడల్లా పీలికని ఎనక్కి జరిపి, నిన్న యాడ బాగుండిందో ఆడికే పెట్టేది. పీలిక జానెడు నుంచి మూరెడాయ, మూరెడు నుంచి బారెడాయ. ఒకరోజు మాత్రం తొందరపడింది. ఇంకా పన్నెండు దినాలే ఉండాయి అని మిగిలిన కంబళంతా ఒకేసారి పరిచింది. కుక్క పారిపాయ. మూడు రోజులు రాలేదు. ఈమె కొండంతా తిరిగి, కనపడిన గుండు కల్లా జాజీ జాజీ అని అరిచి గొంతు పోగొట్టుకునింది. నాలుగో పొద్దు అదే వచ్చి పిల్లల దొడ్డి కాడ పండుకొనుండాది. మళ్ళ జానెడు పీలిక నుంచి మొదలుపెట్టింది. వేరే మనిసైతే ఆడనే ఇడిసేసుండు.

నిలిపే రోజు రానే వచ్చింది. ఏడు కుక్కలు కంబళ్ళ మీద కూర్చుని మాళప్పని బౌ బౌ అని ఆపినాయి. తర్వాత తిప్పక్క. కోసింది పోగా మిగిలిన కంబళి పరిచింది. జాజిగాడు మెల్లంగా వచ్చి, ముందరి కాళ్ళు రెండూ కంబళి మీద పెట్టి, ఎనక కాళ్ళు బండ మీద పెట్టి నిలబడిపాయ. అంతకు మించి రాదు. అందరూ పొట్ట పట్టుకోని నవ్వినారు. మాళప్ప, ఇది అర కుక్కమ్మా, మిగిలిన అర ఇంట్లో పెట్టొచ్చినావా అన్నాడంట. తిప్పక్క నవ్వలేదు. మామా, రెండు నెలల కిందట ఇది కంబళి చూస్తే కొండెక్కేది, ఈ రెండు కాళ్ళు పెట్టేకి నేనూ అదీ ఎంత పడినామో నీకు తెలీదు అనింది. తోడేలు వచ్చేది కంబళి కోసరమా, గొర్రె కోసరమా? మూట ఒద్దు, నా గొర్రెపిల్లని ఈడ పెడతా. నువ్వొచ్చి ఎత్తుకో. ఎత్తుకుంటే నా మంద ఈడనే ఉండిపోతాది, కుక్కని నీ చేతికే ఇస్తా, రాయేస్తావో ఏమేస్తావో నీ ఇష్టం అనింది. మాళప్ప గడ్డం గీరుకోని, సరే కానీ అన్నాడు. ఆమె పదైదు దినాల పిల్లని బండ మీద దించి, జాజిగాని తల నిమిరి, ఎనక్కి చూడకుండా పోయి గుండు చాటున నిలబడింది. చీర చెంగు నోట్లో కుక్కుకునిందంట.

మాళప్ప తల మీదనుంచి కంబళి కప్పుకున్నాడు. మనిసి ఆరడుగులు. కట్టె బండకి టక్ టక్ అని కొడతా వస్తాండాడు. కుక్క గడగడా వణికింది. తోక కడుపు కిందికి పోయింది. ఒక అడుగు ఎనక్కి ఏసింది, ఇంకో అడుగు. అయిపాయరా అన్నారు అందరూ. ఎనక్కి ఎనక్కి పోతా పోతా దాని పిరుదులు గొర్రెపిల్లకి తగిలినాయి. పిల్ల మే అనింది. అంతే, ఇంగ జరగలేదు. వణుకు ఆగలేదు సుమా, వణుకుతానే నిలబడింది. మాళప్ప వంగి చెయ్యి చాపినాడు. కంబళి కొంగు కుక్క మొగం మీద పడింది. ఏ కంబళిని చూసి పుట్టినకాణ్ణుంచి పరిగెత్తిందో, ఆ కంబళిని నోట కరుచుకోని ఒక్క గుంజు గుంజింది! మాళప్ప ఒంటికి గోరు కూడా తగల్లేదు, కంబళి మాత్రం జారి బండ మీద పడింది. కుక్క ఆయనకీ పిల్లకీ మధ్యన నిలబడి పండ్లు చూపిచ్చింది. ఎవురో అరిచినారు, ఒరే దాని కాళ్ళు చూడండి రా అని. నాలుగు కాళ్ళూ మాళప్ప కంబళి మీదనే ఉండాయి. దానికి ఆ ధ్యాసే లేదు.

ఒక్కరూ నవ్వలేదు. మాళప్ప చలిలో ఉత్త ఒంటితో నిలబడి, తిప్పక్కా, రామ్మా, నా కంబళి ఇప్పియ్యి, నాకు అడిగేకి భయమైతాంది అన్నాడంట. ఎనిమిది మందల్లో నీ మంద నడి మధ్యన నడుస్తాది అని కూడా అన్నాడు. తిప్పక్క వచ్చి కుక్క మెడ కావలిచ్చుకోని ఓ అని ఏడ్సింది. అంతమంది చూస్తాండారన్న సిగ్గు కూడా లేదు ఆమెకి.

మర్నాడు పొద్దున మందలు కదిలినాయి. ఈరప్ప తన మంచం వాకిట్లో ఏయించుకున్నాడు. ఒంటి మీద కంబళి లేదు, ఉత్త పంచె. ఒరే చలికి చస్తావు అని ముసిలామె అరుస్తాన్నా, తల్లీ గమ్మునుండు అన్నాడు. జాజిగాడు గొర్రెలెంట వస్తా, ఆయప్ప కాడ ఆగింది. ఈరప్ప చెయ్యి కిందికి వేలాడేసి ఉంచినాడు, పిలవలేదు. అది వచ్చి ఆ చేతిని వాసన చూసింది. నాకిందా అంటే, లే, నాకలేదు. తోక ఊపిందా అంటే, అదీ లే. వాసన చూసి గొర్రెలెంట పోయింది. అంత మాత్రానికే ఆయప్ప మంచం పట్టె పట్టుకోని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడంట, గొర్రెలెంట పోతాండే పెండ్లాన్ని పిలిచి, నన్ను వాసన చూసింది మే, చూసినావా, నన్ను వాసన చూసింది అని.

ఆ కత ఊరూరా పాకి, కుక్కల్ని పట్టుకోని మంది తిప్పక్క కాడికి రాబట్టినారు. ఒకనికి, దాని కండ్లల్లోకి గుడ్లురిమి చూడొద్దురా అని చెప్పిందంట. ఒకనికి, నువ్వు తినకముందే దానికి పెట్టు అనింది. ఇంకొకనికి గొలుసు ఇప్పు అనింది. ఒకామెకి, నీ కుక్క బాగనే ఉంది, నువ్వే కేకలేసేది తగ్గిచ్చు అనింది. వాళ్ళంతా దోవలో కలుసుకోని, నీకేం చెప్పింది, నీకేం చెప్పింది అని అడుక్కోని, చూసినారా, మనిసికొకటి చెప్పింది, అసలు మంత్రం దాచిపెట్టుకునింది ఈ గడుసుది అని తిట్టుకుంటా ఇండ్లకి పోయినారంట. ఇప్పటికీ ఎతుకుతాండారు ఆ మంత్రాన్ని. నువ్వెందుకు రా ఓబిలేశూ అట్ల చూస్తావు? నీకూ మంత్రం కావల్లనా? పో, పోయి ముందు ఆ గొలుసిప్పి, దాని పక్కన గమ్మున కూర్చో పో. నాకు గొంతెండిపాయ, ఎవురన్నా చెంబెడు నీళ్ళివ్వండి.